ఫ్యాక్స్‌కి ముందు పలకరింపు

నా నోరే కంపెనీ కొంప ముంచిందన్నారు. అన్నది దారిన పోయేవాళ్ళు కాదు, ఇరవై ఏళ్ళకు పైగా ఆ నోటి మీదే వ్యాపారం నడుపుకున్న వాళ్ళు. వింటారంటే చెప్తాను. మధ్యలో అడ్డు రావద్దు, నాకు అసలే చిరాకు.

అలెగ్జాండ్రియా రేవులో దిగిన సరుకును కస్టమ్స్ నుంచి విడిపించడం మా కంపెనీ పని. టెలిఫోన్ గది నాది. ముందు స్విచ్‌బోర్డు, పక్కన ఫ్యాక్స్ మిషన్, కిటికీలోంచి చూస్తే సగం సముద్రం, సగం క్రేన్లు. నా పేరు ఇన్సాఫ్, ఆఫీసులో అందరికీ మదాం ఇన్సాఫ్‌ని. ఆయన పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. ఇంటికి పడుకోవడానికి వెళ్ళేదాన్ని, బతకడానికి ఆఫీసుకు వచ్చేదాన్ని. ఆ కుర్చీ పోతే నాకేం మిగులుతుందో ఆలోచించాలన్నా భయంగా ఉండేది.

కంప్యూటర్లో వచ్చిన కాగితాన్ని మా కస్టమ్స్ వాళ్ళు కాగితంగా కూడా చూడరు. ముద్ర కనపడాలి, సంతకం కనపడాలి. అందుకని పోర్ట్ సయీద్ నుంచి, సూయజ్ నుంచి, దమియెట్టా నుంచి పొద్దస్తమానం ఫ్యాక్సులే. మా వైపు ఫ్యాక్స్ అంటే ఒక మిషన్ ఇంకో మిషన్‌తో మాట్లాడుకోవడం కాదు. ముందు మనిషి ఫోన్ చేస్తాడు. "మంచి పొద్దు, మదాం" అంటాడు. "వెలుగు పొద్దు" అంటాను. ఊరుకుంటే వాడి పరువేం కాను? "మల్లెల పొద్దు" అంటాడు. నేను మాత్రం తగ్గుతానా? "మీగడ పొద్దు" అంటాను. తర్వాత పిల్లలెలా ఉన్నారు, మీ అమ్మ మోకాళ్ళెలా ఉన్నాయి, అన్నీ అయ్యాక "ఇక ఈల ఇవ్వు మదాం" అంటాడు. నేను మిషన్ మీద పచ్చ మీట నొక్కుతాను. మిషన్ ఈల వేస్తుంది, నేను రిసీవర్ పెట్టేస్తాను, కాగితం వస్తుంది.

వాళ్ళందరిలోకీ నాకు దగ్గరది పోర్ట్ సయీద్ ఆఫీసు ఫోన్ చూసే ఏతిదాల్. దాని మొహం నేను ఒక్కసారి కూడా చూడలేదు. కానీ అది పళ్ళు పీకించుకున్నది ఎప్పుడో నాకు తెలుసు, నా మొగుడు పోయిన రోజు నేనేం వండానో దానికి తెలుసు. మా ఇద్దరి మధ్యా ఒక పద్ధతి. అది ఎప్పుడూ మంచి పొద్దు, వెలుగు పొద్దు దాటేసి సూటిగా "మల్లెల పొద్దు!" అని మొదలుపెట్టేది. నేనూ అదే మాట తిరిగి అనేదాన్ని. చేతిఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి, మా ఇద్దరికీ లేవు. ఇంటి నంబర్లు ఇచ్చిపుచ్చుకోవాలని కూడా తట్టలేదు. రోజూ మాట్లాడుకునే వాళ్ళకు అవి దేనికి?

ఇంతలో కంపెనీ యజమాని అల్లుడు షెహాబ్ బే మేనేజరై వచ్చాడు. వచ్చీ రాగానే పాత ఎక్స్ఛేంజ్ పీకించి, కంప్యూటర్ తీగ మీదే ఫోన్లు నడిచే కొత్త పెట్టె పెట్టించాడు. అరచేయంత పెట్టె. దాని మీద పచ్చ దీపాలు. దాన్ని చూసి ఆయన మురిసిపోయిన తీరు చూస్తే ఇంట్లో మగపిల్లాడు పుట్టాడేమో అనుకోవాలి.

ఆ వారం నుంచే ఫ్యాక్సులు చెడిపోయాయి. పేజీ సగం వచ్చి ఆగేది. లేదంటే నల్లచారలు. లేదంటే అన్నీ సరిగ్గా వచ్చి, తీరా ముద్ర ఉండాల్సిన చోట తెల్లగా ఉండేది.

మొదట వానను తిట్టారు. ఆ రోజుల్లోనే చీపురు గాలివాన వచ్చింది. మా ఊళ్ళో చలికాలం తుఫానులకు పేర్లుంటాయి, ఇది నవంబరులో వచ్చి వీధులన్నీ ఊడ్చిపెట్టేది. తీగలు తడిశాయన్నారు. టెలిఫోన్ శాఖ వాళ్ళొచ్చి మెట్ల కింద పెట్టె తెరిచి, టీ తాగి, లైను భేషుగ్గా ఉందని చెప్పి పోయారు. వాన వెలిసింది, ముద్ర మాత్రం రాలేదు. తర్వాత ఫ్యాక్స్ మిషన్‌ను తిట్టారు. కొత్తది తెచ్చారు. అదీ అంతే. తర్వాత గోడలో తీగ మార్చారు. తర్వాత పంపే వేగం తగ్గించారు. ఇక తిట్టడానికి ఏమీ మిగలక నన్ను తిట్టారు.

"మదాం, మీరు కాగితం వంకరగా పెడుతున్నారేమో?" అన్నాడు షెహాబ్ బే.

"వచ్చే ఫ్యాక్స్‌కి కాగితం పెట్టేది అవతలి వాడు కదండీ. సూయజ్‌లో పెట్టే కాగితాన్ని నేనిక్కడ కూర్చుని ఎలా వంకర చేస్తాను?"

మొహం మాడ్చుకుని పోయాడు. కానీ ఆ వారమే చేపల కంటైనర్ ఒకటి ముద్ర సరిగా రాక రేవులో ఆగిపోయింది. నీళ్ళు కారి, కంపు కొట్టి, రేవంతా మా కంపెనీ పేరు చెప్పుకుని ముక్కు మూసుకున్నారు. షెహాబ్ బే మళ్ళీ నా గదికొచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

"వచ్చే గురువారం లోపు ఫ్యాక్సులు శుభ్రంగా రావాలి. లేకపోతే ఈ గదికి తాళం వేస్తాను. ఫోన్లన్నీ పెట్టే ఎత్తుతుంది."

ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆ పెట్టె పెట్టినవాడు హైసమ్ అనే ఇంజనీరు. చెడ్డవాడు కాదు. కళ్ళజోడు, ఎప్పుడూ నిద్ర చాలని మొహం. వాడికి ఒక విషయం అంతుపట్టేది కాదు. తన షాపు నుంచి పరీక్షకు పంపిన పేజీ ప్రతిసారీ అద్దంలా వచ్చేది. వాడు అటు వెళ్ళగానే సూయజ్ పేజీ సగంలో చచ్చేది. వాడికి పిచ్చెక్కినంత పనైంది. చివరికి ఒక పొద్దున వచ్చి నా పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఏమీ ముట్టుకోలేదు. ఊరికే వింటూ ఉండిపోయాడు. నేను నలుగురైదుగురితో మీగడ దాకా వెళ్ళి ఈలలిచ్చాను. అన్నీ చెడ్డాయి.

"అమ్మా, నేను పంపినప్పుడు మీరు ఫోన్ ఎత్తుతారా?" అన్నాడు ఉన్నట్టుండి.

"నువ్వే కదా ఎత్తొద్దంటావు, మిషన్నే ఎత్తనివ్వమని."

వాడు తల పట్టుకున్నాడు. తర్వాత పగలబడి నవ్వాడు. తర్వాత నా మొహం చూసి నవ్వాపేశాడు.

"ఈ పెట్టె ప్రతి కాల్ మొదట్లో కాసేపు చెవి ఒగ్గి వింటుందమ్మా. ఈల వినపడితే, ఓహో ఇది కాగితం అని దారంతా ఖాళీ చేసి ఇస్తుంది. మాటలు వినపడితే, ఇదేదో మనుషుల గోల అనుకుని గొంతును పిండి, నలిపి, చిన్న మూట కట్టి పంపుతుంది. నలిగిన గొంతు మన చెవికి అర్థమవుతుంది. కాగితం అలా కాదు, నలిగితే చిరిగిపోతుంది. మీరు మీగడ దాకా వచ్చేసరికి పెట్టె వినడం మానేస్తోంది. ఆ తర్వాత మీరు ఈల ఇచ్చినా దానికి గోలే."

"అంటే నా పలకరింపు ఎక్కువైందంటావా?"

"మీదొక్కరిదే కాదు. ఈ దేశంలో అందరిదీ."

"ఆ పెట్టె చేసినవాడెవడో గానీ, పలకరించే దిక్కులేని కొంపలో పుట్టినట్టున్నాడు."

"దానికి వినే సమయం పెంచొచ్చమ్మా. కానీ ఆ తాళం నా దగ్గర లేదు, అమ్మిన కంపెనీ దగ్గరుంది. వాళ్ళకు రాశాను. ఈసారి వచ్చినప్పుడు చూస్తామన్నారు."

ఆ మాటే వెళ్ళి షెహాబ్ బేకి చెప్పాడు పిచ్చి సన్నాసి. ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "వాళ్ళు వచ్చేదాకా ఆగాలా? పెట్టెను మార్చడం కంటే నోరు మార్చుకోవడం తేలిక కదా" అన్నాడు. నా వైపు తిరిగి, "ఎత్తండి, నొక్కండి. ఒక్క మాట కూడా వద్దు. గురువారం దాకా చూద్దాం" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. నోటిదాకా వచ్చిన మాటలు మింగేశాను. గురువారం గండం గడిస్తే చాలనుకున్నాను. కుర్చీ ఉంటే నోరు తర్వాతైనా తెరవొచ్చు. అదీ నా తెలివి.

ఫ్యాక్సులు వచ్చే లైను వేరే, దాని దీపం వేరే. మర్నాడు ఆ దీపం వెలగ్గానే ఎత్తాను. సూయజ్ నుంచి హాగ్ బయూమీ. ముసలాయన, మా నాన్న వయసు.

"మంచి పొద్..."

నొక్కాను. ఈల ఆయన చెవిలో కీచుమంది. కాగితం వచ్చింది. ముద్రలో అక్షరాలు కూడా లెక్కపెట్టుకోవచ్చు, అంత శుభ్రంగా.

దమియెట్టా కుర్రాడు, "అయ్యో మదాం, నా చెవి!" అని అరిచాడు. కాగితం శుభ్రంగా వచ్చింది. ఇంకొకడు మళ్ళీ చేసి, "మదాం ఇన్సాఫ్ బతికే ఉందా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు కూడా ఈలే ఇచ్చాను. షెహాబ్ బే గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి, వచ్చిన ప్రతి కాగితాన్నీ వెలుగులో పెట్టి చూస్తున్నాడు. పక్కన హైసమ్ నేల చూపులు చూస్తున్నాడు.

మళ్ళీ దీపం వెలిగింది.

"మల్లెల పొద్దు! ఒసేయ్ ఇన్సాఫ్, ఫ్యాక్స్ తర్వాత, ముందు నా మాట విను. నిన్న మసూద్‌ని ఆస్పత్రిలో చేర్చాను, డాక్టరేమో..."

మసూద్ దాని మొగుడు. వేసవి నుంచీ గుండె బాగోలేదు. నా వేలు మీట మీదే ఉంది. షెహాబ్ బే చూపు నా వేలి మీద ఉంది. నేను కళ్ళు మూసుకుని నొక్కాను. ఏతిదాల్ ఇంకా ఏదో అంటూనే ఉంది, ఈల దాని మాటను కోసేసింది. కాసేపటికి కాగితం వచ్చింది. చాలా శుభ్రంగా వచ్చింది, దాని దుంప తెగ.

సాయంత్రం అందరూ వెళ్ళాక పోర్ట్ సయీద్‌కి ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. మర్నాడు చేస్తే గుమాస్తా ఎవరో ఎత్తి, "ఆవిడ సెలవులో ఉంది, ఎప్పుడొస్తుందో తెలీదు" అన్నాడు. ఇంటి నంబరు వాడికీ తెలీదట. వస్తే నేను చేశానని చెప్పమన్నాను. చెప్పి ఉండడు.

గురువారం వచ్చింది. ఆ వారమంతా ఒక్క పేజీ చెడలేదు. షెహాబ్ బే బస్బూసా మిఠాయి తెప్పించి ఆఫీసంతా పంచాడు. నా పళ్ళెంలో ఒక ముక్క ఎక్కువే వేయించాడు. "మీరు సాధించారు మదాం" అన్నాడు. నేను కూడా నవ్వాను. నా కుర్చీ నాకు దక్కిందని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఎంత వెర్రిదాన్ని!

ఆదివారం పిలిచాడు.

"ఈ వారం మీరు చేసిందేమిటి మదాం? ఎత్తడం, నొక్కడం. అంతే కదా?"

"మీరు చెప్పిందే చేశాను."

"అదే నేనూ అంటున్నా. ఎత్తడం, నొక్కడం పెట్టెకి కూడా వచ్చు. ఫోన్ రాగానే అదే ఎత్తి, ఫ్యాక్స్ అయితే ఒకటి నొక్కమంటుంది. నొక్కగానే ఇది కాగితమని దానికి ముందే తెలుస్తుంది, కాల్ నేరుగా మిషన్‌కి పోతుంది. హైసమ్ అంతా సిద్ధం చేశాడు."

నేను హైసమ్ వైపు తిరిగాను. "అలాంటి దారే ఉంటే నాకే ఇవ్వొచ్చు కదయ్యా! నేను పలకరించి ఆ దారిలోకి తోసేదాన్ని కదా! నా నోరెందుకు కుట్టించారు?"

వాడు నోరు తెరిచాడు. షెహాబ్ బే వాడిని మాట్లాడనివ్వలేదు. "ఇవ్వొచ్చు. కానీ వారమంతా మీరు పలకరించలేదు. ఎవరైనా సరుకు మానేశారా? ఒక్కరైనా ఫిర్యాదు చేశారా? పలకరింపు లేకపోయినా పని జరుగుతుందని చూపించింది మీరే మదాం."

నా నోటికి తాళం వేసుకుని నా గది తాళం షెహాబ్ బే చేతికిచ్చాను. ఎవరిని తిట్టను? తిట్టాను లెండి, వాడినీ, వాడి మామనీ, పెట్టెనీ, పెట్టెను కన్నవాణ్నీ. గొంతు బొంగురు పోయేదాకా తిట్టాను. వాడు ఓపిగ్గా విన్నాడు. అయిపోయాక నీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు.

"ఒక్క చివరి పని మదాం. పెట్టెలోకి స్వాగతం మీ గొంతుతోనే పెడదామని. మన వాళ్ళందరికీ అలవాటైన గొంతు. మీరు రోజూ ఎలా అంటారో అలాగే అనండి."

ఎందుకు ఒప్పుకున్నావని మా చెల్లెలు ఇప్పటికీ దెప్పుతుంది. ఆ గదిలో ఇంకొకత్తి గొంతు వినపడటం నేను భరించలేను, అందుకు ఒప్పుకున్నాను. ఇంకో కారణం లేదు. హైసమ్ మైకు పట్టుకున్నాడు. మొదటిసారి తడబడ్డాను. రెండోసారి బాగా వచ్చింది. "మల్లెల పొద్దు! మా కంపెనీకి స్వాగతం. ఫ్యాక్స్ పంపేవారు ఒకటి నొక్కండి." నిజం చెప్పొద్దూ, ఎన్నో ఏళ్ళుగా నా గొంతు అంత తియ్యగా వినపడలేదు.

ఆ తర్వాత చలికాలమంతా ఇంట్లోనే. పొద్దున్నే లేచి తయారై, ఎక్కడికి పోవాలో గుర్తురాక మంచం మీద కూర్చునేదాన్ని. కంపెనీకి ఒక్కసారైనా ఫోన్ చెయ్యలేదు. ఎత్తేది నేనే కదా. ఏతిదాల్‌కి చెయ్యాలంటే, ఆ ఈల తర్వాత, మొహం చెల్లలేదు.

ఒక రోజు ట్రాం ఆగే చోట అమ్మ్ గొమా కనపడ్డాడు. ఆఫీసులో టీ పెట్టే పెద్దాయన.

"ఎలా ఉన్నావమ్మా? నువ్వు లేక ఆఫీసు ఆఫీసులా లేదు. అన్నట్టు, పోర్ట్ సయీద్ మదాం మొగుడు పోయాడంటగా, పాపం. నువ్వు పలకరించే ఉంటావు."

"ఎవరు? ఏతిదాల్ మొగుడా? ఎప్పుడు?"

"నీకు తెలీదా? నలభయ్యో రోజు కూడా అయిపోయినట్టుందే!"

ట్రాం ఎక్కకుండానే వెనక్కి తిరిగాను. మావైపు చావు పలకరింపు మూడు రోజుల్లో జరగాలి. నలభై రోజులు దాటి నోరు తెరవని మనిషిని ఎవరూ మనిషి అనరు. ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా పోర్ట్ సయీద్ నంబరు తిప్పాను. ఆ నంబరు నా వేళ్ళకే తెలుసు. అక్కడ ఇంకా పెట్టె రాలేదు. ఏతిదాలే ఎత్తింది.

"హలో" అంది. ఒట్టి హలో.

"ఏతిదాల్! నేనే, ఇన్సాఫ్‌ని. ఇప్పుడే తెలిసిందే నాకు, ఇప్పుడే..."



"ఆయన పోయిన మూడో రోజున ముందు నీకే చేశాను" అంది. "జనమంతా వెళ్ళిపోయారు. ఇంట్లో కూర్చోలేక నీకు చేశాను. ఎత్తగానే మల్లెల పొద్దు అన్నావు. ఎంత ప్రాణం లేచొచ్చిందో నాకు! మసూద్ పోయాడే ఇన్సాఫ్, నేనొంటరిదాన్నయిపోయానే అన్నాను. ఒకటి నొక్కమన్నావు."

"అది నేను కాదే! నన్ను తీసేశారు! అది పెట్టె, నా గొంతు పట్టి పెట్టుకున్నారు, అంతే..."

"తెలుసు. రెండోసారి చేసినప్పుడు తెలిసింది. మొదటిసారి నువ్వేననుకున్నాను. ఎందుకనుకోను? అంతకుముందు ఆస్పత్రి సంగతి చెప్తుంటే నా చెవిలో ఈల వేసింది నువ్వేగా? అది కూడా పెట్టేనా?"

ఆ ఈల వేసింది నేనేనని ఒప్పుకున్నాను.

"స్వాగతం చెప్పింది పెట్టె అనే అనుకుందాం. మంచి పొద్దు అని పట్టించొచ్చు కదా, వెలుగు పొద్దు అనొచ్చు. మన ఇద్దరి మాట దానికెందుకిచ్చావే?"

ఏడుపు తన్నుకొచ్చింది. ఏం చెప్పాలో తెలీక, చావు పలకరింపులో చెప్పాల్సిన మాటే చెప్పాను, అంత ఆలస్యంగా. "ఆయన వదిలి వెళ్ళిన ఆయుష్షు నీకు కలవాలి, ఏతిదాల్."

ఆ మాటకు తిరుగు మాట ఒకటుంది. మా వైపు ఎంత శత్రువైనా ఆ మాట తిరిగి అంటారు. నేను రిసీవర్ చెవికి నొక్కి పట్టుకుని దాని కోసం ఆగాను.

"ఫ్యాక్స్ పంపాలంటే ఒకటి నొక్కండి, మదాం" అని ఫోన్ పెట్టేసింది.